పాట మనది... పేరెవరిది?

గిటారు భుజాన తగిలించుకుని సొంతంగా కట్టిన పాట పాడితే ‘ఇండిపెండెంట్ మ్యుజీషియన్’. జముకు చంకన పెట్టుకుని సొంతంగా కట్టిన పాట పాడితే ‘జానపద కళాకారుడు’. మొదటాయనకి పేరుంటుంది, ఫోటో ఉంటుంది. ‘ఈ పాట మీకెలా తట్టింది? రచయితగా ఎలా ఎదిగారు?’ అని అడగడానికి నలుగురు విలేకర్లుంటారు. రెండో ఆయనకి ఊరి పేరు కూడా ఉండదు. ‘ఉత్తరాంధ్ర జానపదం’ అని రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకుంటారు.

ఇద్దరూ రాసింది పాటే. ఇద్దరూ ఏ నిర్మాతా అడగకుండా, ఏ కంపెనీ అడ్వాన్సూ తీసుకోకుండా రాసిందే. మరి ఒకాయన సృష్టికర్త ఎలా అయ్యాడు, ఇంకొకాయన అనామకుడు ఎలా అయ్యాడు? ఈ తేడా ఎవరు పెట్టారు? ఎవరి లాభం కోసం పెట్టారు?

మేం చోడవరంలో కూచుని ఈ ప్రశ్న అడుగుతున్నాం. నిన్నటిదాకా విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా పేరు మారింది గానీ పాటగాడి బతుకు మారలేదు. తప్పెటగుళ్ళు, తూర్పు భాగవతం, జముకుల కథ, కోలాటం, ధింసా... ఇన్ని రకాల పాటలున్న నేల మీద పాట రాసినవాడి పేరు చెప్పమంటే నోరు పెగలదు. ఇది మర్చిపోవడం కాదు. మర్చిపోయేలా చేయడం.

జానపదం అంటే అనాథ కాదు

ముందు ఒక విషయం తేల్చుకుందాం. జనం పాట జనంలోంచి దానంతటదే మొలవదు. మొదట ఎవరో ఒకరు కట్టాలి. ఊడ్పు చేలో ఒక అమ్మ, మంద వెనక ఒక అయ్య, కొండమీద ఒక కుర్రాడు. తరాలు గడిచి ఆ పేరు చెరిగిపోతే ఆ పాట అందరిదీ అవుతుంది. దాన్ని జానపదం అనండి, మాకు అభ్యంతరం లేదు. కానీ రాసినవాడు మన కళ్ళముందు తిరుగుతుండగానే, వాడి గొంతు మన చెవిలో ఉండగానే, వాడి పాటని ‘జానపదం’ అనేస్తే దాన్ని ఏమనాలి? మా ఊళ్ళో దాన్ని దొంగతనం అంటారు.

గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన రైతుని అడగండి. బండి కాటా ఎక్కితే రైతు పేరు మీద చీటీ పడుతుంది. ఎన్ని టన్నులో రాస్తారు. డబ్బులు ఆలస్యమైనా, బకాయిలు పడినా, ఆ చీటీ చేతిలో ఉంటే అడగడానికి హక్కుంటుంది. చెరకు గెడకి ఉన్న గౌరవం పాటకి లేదా? పాట ఊరు దాటిన క్షణంలోనే చీటీ చిరిగిపోతోంది. అవతల స్టూడియోలో బెల్లం వండుకుంటున్నది ఇంకొకరు.

వంగపండు ప్రసాదరావుని గుర్తు చేసుకోండి. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టి, కాలికి గజ్జె కట్టి తెలుగు నేలంతా తిరిగిన మనిషి. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ తెలియని తెలుగువాడు లేడు. 2009లో ‘మగధీర’ సినిమా పాటలో ఆ పల్లవి మాట వినిపించింది. ఆయన ఊరుకోలేదు. అది నా పాట, నన్నడగకుండా ఎలా వాడతారని నిలదీశారు. ఆ గొడవ చివరికి రాజీతో ముగిసింది. అక్కడ గమనించాల్సింది డబ్బు కాదు. ఊరూరా తెలిసిన వంగపండుకే ‘ఇది నాది’ అని నిరూపించుకోవాల్సిన గతి పట్టింది. మరి మాడుగులలోనో, రావికమతంలోనో, చీడికాడలోనో కూచుని రాస్తున్న పేరులేని కుర్రాడి గతేటి?

2020లో ‘పలాస 1978’ సినిమాతో నక్కిలీసు గొలుసు పాట తెలుగునాట ఇంటింటికీ తిరిగింది. పెళ్ళిళ్ళలో, కాలేజీ ఫంక్షన్లలో, సెల్‌ఫోన్లలో అదే మోత. మంచిదే. ఆ పాటకి చిందేసినవాళ్ళలో, సినిమాకి ముందు ఆ పాటని ఎవరి గొంతు మోసిందో అడిగినవాళ్ళెందరు? మరుసటేడు తెలంగాణలో ‘సారంగదరియా’ దగ్గర ఇదే తకరారు. టీవీలో ఆ పాట ముందుగా పాడిన గాయని తన పేరు కోసం బహిరంగంగా మాట్లాడాల్సి వచ్చింది. ప్రాంతాలు వేరు, కథ ఒక్కటే. పాటకి రాజమర్యాద, పాటగాడికి వాకిలి బయట చోటు.

ఈ పాటకి చిరునామా ఉంది

మన పిల్లలకి ‘సొంత గొంతు వెతుక్కోవాలి’ అని ఎక్కడెక్కడివాళ్ళ ఇంటర్వ్యూలో చూపిస్తున్నారు. అక్కడిదాకా ఎందుకు? సొంత గొంతు అంటే ఏమిటో ఈ గడ్డే చూపించింది.

గరిమెళ్ళ సత్యనారాయణ. శ్రీకాకుళం సీమ మనిషి. ‘మాకొద్దీ తెల్లదొరతనము’ రాసి, వీధుల్లో పాడి, జైలుకెళ్ళారు. బయటికొచ్చి మళ్ళీ పాడారు. మళ్ళీ జైలుకెళ్ళారు. ఆయనకి ఆస్థానం లేదు, పోషకుడు లేడు. స్వాతంత్ర్యం వచ్చింది. పాట పాడి దాన్ని పిలిచిన మనిషి మాత్రం మద్రాసులో పేదరికంలో 1952లో కన్నుమూశారు. పాట వాడుకుని పాటగాణ్ణి వదిలేయడం మనకి కొత్త జబ్బు కాదని ఇక్కడే తెలుస్తోంది.

సుబ్బారావు పాణిగ్రాహి. ఒడియా కుటుంబంలో పుట్టి, ఉద్దానంలోని బొడ్డపాడు గుళ్ళో పూజారిగా ఉంటూ, తెలుగు జనం పాట కట్టారు. జనం ఎరిగిన జముకుల కథనే తీసుకున్నారు. రూపం పాతది, అందులో పోసిన బాధ కొత్తది. 1969 డిసెంబరులో ‘ఎన్‌కౌంటర్’లో ఆయన ప్రాణం పోయింది. ఆయన రాజకీయాలతో ఏకీభవించండి, మానండి. ఒక్కటి మాత్రం నేర్చుకోండి. పుట్టుక వల్ల ఎవరూ ఒక నేల కవి అయిపోరు. ఆ నేల మాటని చెవి పెట్టి విన్నవాడే అవుతాడు.

వంగపండు. విశాఖ షిప్‌యార్డులో కార్మికుడు. పల్లె పాట తెలిసిన మనిషి ఇనుము మోగే చోట నిలబడ్డాడు. అక్కడ్నుంచే యంత్రం మీద పాట వచ్చింది. చేలో పాడుకునే బాణీలోకి ఫ్యాక్టరీ నడిచొచ్చింది. ఎదుగుదల అంటే ఇది. ఊరి పాటని ఒగ్గేసి పట్నం పాట పట్టుకోవడం కాదు, ఊరి పాటలోకి పట్నాన్ని లాక్కురావడం. ఆయన 2020 ఆగస్టులో వెళ్ళిపోయారు. ఆయన పాటకి చావు లేదు.

ఈ ముగ్గురిలో ఏ ఒక్కరూ ఇంకొకరిలా రాయలేదు. ముగ్గురి పాటా విన్న వెంటనే ఇది వీళ్ళదే అని చెప్పొచ్చు. సొంత ముద్ర అంటే అదే. వీళ్ళని ‘జానపదులు’ అని ఒక గంపలో వేసి మూత పెట్టడానికి మనకి మనసెలా ఒప్పుతోంది?

యాస ఒగ్గేస్తే మిగిలేదేటి?

చోడవరం చుట్టుపక్కల పాటలు రాసే కుర్రాళ్ళు మాకు తెలుసు. పగలు ఒకడు సెల్‌ఫోన్ల షాపులో, ఇంకొకడు ఎరువుల కొట్లో. రాత్రి పాట. రూపాయి రూపాయి కూడబెట్టి చిన్న స్టూడియోకి వెళ్తారు. అక్కడ వినపడే మొదటి మాట ఏమిటో తెలుసా? ‘పాట బాగుంది తమ్ముడూ, ఆ యాస తీసెయ్. అందరికీ అర్థం కావాలి కదా. వ్యూస్ రావాలి కదా.’

ఆ కుర్రాడు ‘ఎల్తన్నాను’ని ‘వెళ్తున్నాను’ చేస్తాడు. ‘ఏటి’ని ‘ఏమిటి’ చేస్తాడు. ‘బొట్టి’ని ‘అమ్మాయి’ చేస్తాడు. పాట శుభ్రంగా తయారవుతుంది. అలాంటి పాటలు అప్పటికే పదివేలుంటాయి. అందులో ఇదొకటి. వాడి అమ్మ మాట్లాడే మాట వాడి పాటలో లేదు. ఇక అది వాడి పాట ఎలా అవుతుంది?

ఇది ఎంత విడ్డూరమో చూడండి. జనం మాట్లాడే భాషకే పుస్తకంలో చోటుండాలని పోరాడిన గిడుగు రామమూర్తిది శ్రీకాకుళం సీమే. సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేసిన మనిషి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. నోటి మాటలకి ‘కన్యాశుల్కం’లో పట్టం కట్టిన గురజాడది విజయనగరం. తెలుగువాళ్ళందరికీ వాడుక భాష ఇచ్చిన నేల ఇది. ఈ నేల కుర్రాడు తన వాడుక మాటకి తనే సిగ్గుపడుతున్నాడు. ఆ సిగ్గు వాడు పుట్టించుకున్నది కాదు. ఏళ్ళ తరబడి తెరమీద మన యాస మాట్లాడేవాణ్ణి పనివాడిగా, అమాయకుడిగా, నవ్వించేవాడిగా చూపించి చూపించి ఎక్కించిన సిగ్గు అది. బళ్ళో పంతులుగారు ‘సరిగా మాట్లాడు’ అని నెత్తిన మొట్టి ఎక్కించిన సిగ్గు అది.

యాస ఉంటే నలుగురూ వినరన్నది పచ్చి అబద్ధం. 2020లోనే ‘అల వైకుంఠపురములో’ సినిమాలో శ్రీకాకుళం యాసలో ‘సిత్తరాల సిరపడు’ వచ్చింది. విజయ్ కుమార్ భల్లా రాశారు. రాయలసీమవాడూ పాడుకున్నాడు, హైదరాబాదువాడూ పాడుకున్నాడు. అర్థం కాని మాట ఉంటే అడిగి తెలుసుకున్నారు. తెరమీద కోట్లు సంపాదించే యాస, చోడవరం కుర్రాడి గొంతులో మాత్రం పనికిరాదా? పెద్ద బ్యానరు వాడితే అందం, మనం వాడితే మోటా?

సినిమా పాటంటే మాకు పగ లేదు. సిరివెన్నెల సీతారామశాస్త్రి పెరిగింది మన పక్క అనకాపల్లిలోనే. సినిమాల్లోకి రాకముందు ‘భరణి’ పేరుతో రాసుకున్నారు. 1986లో ‘సిరివెన్నెల’ వచ్చింది, ఆ సినిమా పేరే ఇంటిపేరైంది. రాసినవాడి పేరు తెలిశాకే జనం ఆ పాటని ఇంకా గట్టిగా హత్తుకున్నారు. మా పేచీ సినిమాకి వెళ్ళడంతో కాదు. పేరు పోగొట్టుకుని వెళ్ళడంతో.

ఉద్యోగం అడ్డమా?

ఉద్యోగులు ఒక మాట తరచూ అంటారు. ‘మాకూ రాయాలనే ఉంటుందండి, టైమేదీ?’ వంగపండు షిప్‌యార్డు కార్మికుడు. గద్దర్ కెనరా బ్యాంకు ఉద్యోగి. సిరివెన్నెల టెలిఫోన్స్ ఉద్యోగి. వీళ్ళెవరూ తీరిక దొరికాక మొదలుపెట్టలేదు. డ్యూటీ దిగి రాశారు. అసలు ఆ పని చేసిన చోటే వాళ్ళకి కొత్త మాటలు దొరికాయి. మండల ఆఫీసులో కూచున్నవాడికి వినపడే జనం గోడు, ఆర్టీసీ డ్రైవరుకి తెలిసిన రోడ్డు, ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాడి ఒళ్ళునొప్పి... ఇవి ఎవరు రాయాలి? ఫిల్మ్‌నగర్‌లో కూచున్నవాడా?

విద్యార్థులకి ఇంకో మాట. మొదటి పాట బాగుండదు. రెండోదీ బాగుండదు. నచ్చిన పాటని అనుకరిస్తూ మొదలుపెట్టడం తప్పు కాదు, అక్కడే ఆగిపోవడం తప్పు. సినిమా బాణీకి మాటలు మార్చి పేరడీలు కట్టడం ధర్నా టెంట్ల దగ్గర అలవాటైపోయింది. ఆ పూటకి చప్పట్లు పడతాయి. మర్నాటికి జనానికి గుర్తుండేది ఆ సినిమాయే, మీ మాట కాదు. మీ తాతకి వచ్చిన బాణీ ఒకటి నేర్చుకోండి. దాని మీద మీ బాధ రాయండి. అది మీకు తప్ప ఇంకెవరికీ రాదు.

శాలువాతో సరిపెడతారా?

ఇక మన సభల సంగతి. ఇది ఇంటి గుట్టు, అయినా చెప్పక తప్పదు. ఏ సంఘం సభ పెట్టినా పాటగాడు కావాలి. ఎప్పుడు? నాయకుడు రావడం ఆలస్యమైనప్పుడు. జనం లేచిపోకుండా కూచోబెట్టడానికి. నాయకుడి కారు కనపడగానే పల్లవి సగంలో ఆపేయాలి. కరపత్రంలో వక్తల పేర్లు పదిహేనుంటాయి. కింద ఒక్క ముక్క, ‘కళాకారులచే సాంస్కృతిక కార్యక్రమం’. ఆ కళాకారులకి అమ్మానాన్న పేర్లు పెట్టలేదా?

చివర్లో ఒక శాలువా. ఆ శాలువాతో డోలు తోలు మార్పించుకోలేడు. బస్సు చార్జీ కూడా రాదు. మైకుసెట్టుకి డబ్బులిస్తాం, షామియానాకి ఇస్తాం, భోజనాలకి ఇస్తాం. పాటకి మాత్రం ‘ఉద్యమం కదా బాబూ’ అంటాం. షామియానావాడికి లేని త్యాగం పాటగాడి నెత్తినే ఎందుకు? సినిమావాళ్ళు మన పాటని దోచుకుంటున్నారని అరిచే నోరు, ముందు మన వేదిక మీద పాటగాడి పేరు పలకాలి.

సంతకం పెట్టేముందు

పాటగాళ్ళు చట్టం తెలుసుకోవాలి. తెలియదన్న ధైర్యంతోనే అవతలివాడు కాగితం ముందుకు తోస్తున్నాడు.

పాట రాసిన క్షణం నుంచే కాపీరైటు మీది. రిజిస్ట్రేషన్ చేయిస్తే సాక్ష్యానికి బలం, చేయించకపోయినా హక్కు పోదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఆ హక్కు రచయిత జీవితకాలమూ, ఆ తర్వాత 60 ఏళ్ళూ ఉంటుంది. హక్కులు ఇంకొకరికి రాసివ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నోటిమాట చెల్లదు. కాగితంలో గడువు రాయకపోతే అది ఐదేళ్ళకే అనుకోవాలి. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. అందుకే వాళ్ళ కాగితాల్లో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ముందే అచ్చేసి ఉంటుంది. ఆ రెండు మాటల దగ్గర పెన్ను ఆపండి.

2012లో చట్టాన్ని సవరించారు. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ దీనికోసం గట్టిగా మాట్లాడారు. సినిమాకి రాసిన పాటైనా సరే, థియేటర్లో సినిమాతో పాటు వేయడం కాక మరెక్కడ వాడినా, రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ రాయల్టీలో వాటా ఉంటుంది. ఆ వాటాని వదులుకుంటున్నట్టు సంతకం పెట్టినా అది చెల్లదు.

అన్నిటికంటే పెద్ద మాట ఇది. హక్కులన్నీ అమ్మేసినా, ‘ఈ పాట నేను రాశాను’ అని చెప్పుకునే హక్కు మాత్రం రచయిత దగ్గరే ఉంటుంది. పాడినవాడికి కూడా తన పేరు చెప్పమని అడిగే హక్కు 2012 సవరణ ఇచ్చింది. పాట అమ్ముడుపోవచ్చు, పేరు అమ్ముడుపోదు. ఇది మా నినాదం కాదు, ఈ దేశపు చట్టం.

ఎవరు రాశారో తెలియని పాత పాటలకి ఈ రక్షణ లేదు. వాటిని ఎవరైనా వాడుకోవచ్చు. అక్కడ మిగిలింది నీతి ఒక్కటే. ఏ ఊళ్ళో, ఎవరి దగ్గర విని నేర్చుకున్నారో చెప్పడం. దానికి ఖర్చేమీ కాదు.

తెలంగాణ చెప్పిన పాఠం

‘రాష్ట్రం రానీండి, అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి’ అనేవాళ్ళున్నారు. వాళ్ళు తెలంగాణ వైపు ఒకసారి చూడాలి. అక్కడ ఉద్యమాన్ని పాట మోసింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఊరూరా తిరిగింది. బడికి పోని, గొడ్లు కాసిన అందెశ్రీ రాసిన ‘జయజయహే తెలంగాణ’ని జనం సభసభలో నిలబడి పాడారు. 2014లో రాష్ట్రం వచ్చింది. ఆ పాట రాష్ట్ర గీతం అయింది ఎప్పుడు? 2024లో. పదేళ్ళు! అప్పుడు కూడా స్వరం ఎవరు కట్టాలన్న దాని మీద రగడ. తెలంగాణలో సంగీతకారులు లేరా అని అక్కడివాళ్ళే అడగాల్సి వచ్చింది. గీతం గౌరవం దక్కిన ఏడాదిన్నరలోపే, 2025 నవంబరులో, అందెశ్రీ కన్నుమూశారు.

దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఏమిటి? గీత గీస్తే రాష్ట్రం వస్తుందేమో గానీ, పాటగాడికి గౌరవం రాదు. దాన్ని ముందునుంచే అలవాటు చేసుకోవాలి. అస్తిత్వం అంటూ మైకుల్లో అరవడం కాదు. అస్తిత్వం అంటే ఒక మనిషి తన మాటతో తన బాధ చెప్పి, కింద తన పేరు రాసుకోవడం. అలాంటివాళ్ళు వెయ్యిమంది ఉంటేనే ఒక ప్రాంతానికి అస్తిత్వం.

అందుకే మేం అడుగుతున్నాం.

పాట రాసే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి పాట కింద తేదీ, ఊరు, పేరు రాయండి. ఫోనులో రికార్డు చేసి దాచండి. వేదికెక్కి పాడేముందు రాసిందెవరో చెప్పండి. ఇంకొకరి పాట పాడితే వాళ్ళ పేరు చెప్పండి. మీరు చెప్పని పేరు రేపు మీకూ ఎవరూ చెప్పరు. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

సభలు పెట్టే పెద్దలూ, కరపత్రంలో వక్తల పక్కనే పాటగాడి పేరు వేయండి. శాలువాకి బదులు కవరివ్వండి. నాయకుడొచ్చినా పాట పూర్తయ్యేదాకా ఆగమనండి.

ఉద్యోగులూ, అధ్యాపకులూ, మీ ఊళ్ళో ఇంకా పాడుతున్న ముసలి గొంతుల్ని ఈ సంక్రాంతికి రికార్డు చేయండి. ఆ గొంతు పోయాక సంతాప సభ పెట్టడం కంటే ఇది మేలు.

ఇక ఎవరైనా వచ్చి ‘ఇది జానపదం కదా, ఎవరిదీ కాదు కదా’ అంటే మెత్తగా ఊరుకోకండి. చోడవరం యాసలోనే గట్టిగా అడగండి. ‘ఎవలిదీ కాదేటి? ఇది రాసినోడికి పేరుంది బాబూ. ముందు ఆ పేరు సెప్పి, అప్పుడు పాట ఎత్తు.’